తట్టి చూడరాని కుండ

మొన్న బీరువా మీంచి దుప్పటి లాగబోతే దాంతోపాటు హార్డ్ డిస్కు కూడా జారి గచ్చు మీద పడింది. అరచేతిలో ఇమిడే ఆ నల్లపెట్టెలో మా ఇంటావిడ గొంతు ఉంది. గొంతుకి ఆపరేషనయ్యాక ఆవిడకి మాట పోయింది. పెద్దమ్మాయి పెళ్ళిలో ఆవిడ పాడిన నలుగు పాటలూ, మనవలకి చెప్పిన కథలూ, ఆ మనవలు ఆడుకుంటూ తీసిన వీడియోల్లో వెనకనుంచి వినపడే, తడి తువ్వాలు మంచం మీద పడేశానని వంటింట్లోంచి నన్ను కసిరిన కసుర్లూ అన్నీ అందులోనే ఉన్నాయి. భద్రంగా ఉంటాయని అన్నీ ఒక్కచోటే పెట్టుకున్న తెలివైన సంసారం మాది!

పైకి చిన్న సొట్ట తప్ప ఏమీ లేదు. విజయనగరంలో కంప్యూటర్ల కొట్టు నడుపుతున్న మేనల్లుడి దగ్గరికి పట్టుకెళితే, తగిలించి ఒక వీడియో ఆడించి, "తెరుసుకుంటన్నాది కద మావా, ఇంకేటి బయం?" అన్నాడు. లోపల టిక్కుమంటోంది కదరా అంటే, ఒక్కోసారి అలా వస్తుందన్నాడు. అయితే నమ్మొచ్చా అంటే చెప్పలేమన్నాడు. పోనీ పూర్తిగా పరీక్ష చెయ్యమంటే, ఆ పరీక్షలోనే పోయినా పోవచ్చునట! నాకు ఒళ్ళు మండిపోయింది. బాగుందో లేదో తెలియాలంటే వాడాలి, వాడితే పోవచ్చు, ఇదెక్కడి వస్తువండీ?

నెల్లిమర్లలో మా చిన్నప్పుడు, చెయ్యి జారిన కుండ పగలకపోయినా సరే, మా అమ్మ దాన్ని వెంటనే నీళ్ళకి వాడనిచ్చేది కాదు. మెడ పట్టుకుని ఎత్తి, వేలి కణుపుతో చుట్టూ తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. ఖంగుమంటే నీళ్ళు పోసుకుని మళ్ళీ గడ్డి చుట్టకుదురెక్కేది. బొంగురుగా మోగితే మాత్రం, కంటికి బీట కనపడకపోయినా, "ఇది నీల్లకి పనికిరాదు, సింతపండు ఏసుకుందాం" అనేసేది. కొన్నాళ్ళకి దాని అంచు ఊడితే బూడిద కుండయ్యేది, చివరికి కోళ్ళకి గింజలేసే పెంకయ్యేది. దెబ్బ తిన్నదాన్ని పారెయ్యడమూ లేదు, మళ్ళీ నమ్మి నీళ్ళు పొయ్యడమూ లేదు. ఆవిణ్ణి చూసి మేం పిల్లలం ఒకరి బుర్ర ఒకరం తట్టి, నీది చింతపండు బుర్రంటే నీదని కొట్టుకునేవాళ్ళం. మన ఈడువాళ్ళకి ఇదంతా కొత్త సంగతేం కాదు.

ఇంక ఆ పరీక్షలూ గిరీక్షలూ మానేసి, ఉన్నదంతా కొత్త డిస్కులోకి దింపెయ్యమని మేనల్లుడి నెత్తిమీద కూర్చున్నాను. ముందు పాటలే దింపమన్నాను. మా ఇంటావిడ నా పక్కనే కూర్చుని తెరకేసి చూస్తోంది. పాటలు వచ్చాయి, కథలు వచ్చాయి. టిక్కుటిక్కులు ఎక్కువై, మనవల వీడియోల దగ్గరికొచ్చేసరికి ఆ పెట్టె ఆగిపోయింది, మళ్ళీ కదల్లేదు. ముఖ్యమైనవన్నీ వచ్చేశాయి కదా అని మేనల్లుడు సంబరపడ్డాడు. ఏవి ముఖ్యమో వాడికేం తెలుసు? పాటలు ఊరంతా విన్నవే, కసుర్లు నా ఒక్కడివే.

మట్టికుండ కూడా తనకి తగిలిన దెబ్బ సంగతి తట్టినవాళ్ళకి చెప్పేది. ఇప్పటి వస్తువులు ఆఖరి నిమిషం దాకా బాగానే ఉన్నామంటాయి. నిన్న స్నానం చేసొచ్చి, అలవాటు చొప్పున తడి తువ్వాలు మంచం మీద పడేశాను. ఆవిడ గుమ్మంలో నిలబడి పెదాలు కదిపింది. ఏమందో నాకు తెలుసు. ఆ మాట చెవులారా వినే చోటు మాత్రం ఇక ఎక్కడా లేదు.