సరి తుమ్ము, బేసి తుమ్ము

ఆ రోజుల్లో టీచర్ ట్రైనింగ్ ముగించుకుని వచ్చిన ప్రతివాళ్ళకీ ఒక జబ్బు ఉండేది. మనకంటే ముందు ఈ లోకంలో ఎవరూ ఎవరికీ ఏమీ నేర్పలేదని, అక్షరం మొదలు అన్నీ మన చేతుల మీదుగానే జరగాలని నమ్మేవాళ్ళం. ఎనభైల మొదట్లో నాకు ఆ జబ్బు బాగా ముదిరి ఉండేది. మాది కొత్తపట్నం పక్కన సముద్రపుటొడ్డు. చేపల పేర్లు అడిగితే ఇరవై చెప్పగలను గానీ, మిరపకాయతో నా పరిచయం పులుసు వరకే. అలాంటి నన్ను తీసుకెళ్ళి దర్శి దగ్గర ఒక మిరప ఊళ్ళో ఒకటో తరగతికి టీచర్ని చేశారు. బడి అంటే చర్చి హాలే. ఆదివారం ప్రార్థన, మిగతా రోజులు ఎక్కాలు. ఉద్యోగం తాత్కాలికం. స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి, నా పాఠం చూసి, విజిట్ పుస్తకంలో నాలుగు మంచి మాటలు రాసి సంతకం పెడితే ఖాయమవుతుంది. లేదంటే ట్రంకుపెట్టె సర్దుకుని మళ్ళీ సముద్రం దగ్గరికే.

నా తరగతిలో బుడంకాయ అని ఒక పిల్ల ఉండేది (అసలు పేరు రిజిస్టరులో ఉంది గానీ, పిలిస్తే ఆ పిల్లే పలికేది కాదు). నేను రెండు రాత్రులు కూర్చుని రంగు పెన్సిళ్ళతో ఆపిల్ పండ్ల చార్టు గీసి, ఎన్ని ఉన్నాయో చెప్పమంటే, "టీచర్, ఇయ్యి టమాటాలా?" అని అడిగింది. కావన్నాను. ఇక ఆ పిల్ల నోరు తెరవలేదు. నెలరోజులు చూసి, రిజిస్టరులో తన పేరు పక్కన ఎర్ర ఇంకుతో "పది దాటి లెక్క రాదు" అని రాసేశాను. ఎర్ర ఇంకుతో రాయడమంటే అప్పట్లో నాకు మహా సరదా.

మాఘమాసం దాటేసరికి సగం తరగతి ఖాళీ. పిల్లలంతా తల్లుల వెంట కల్లాలకి పోయి, ఎండిన మిరపకాయల్లో తెల్లబోయిన తాలుకాయల్ని ఏరేవాళ్ళు. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టర్ గారు గురువారం వస్తున్నారని కబురొచ్చింది. ఖాళీ తరగతిని చూపించి ఉద్యోగం ఎలా ఖాయం చేయించుకోను? ట్రైనింగ్‌లో నేర్పిన "చేస్తూ నేర్చుకోవడం", "బడిలో ఊరివాళ్ళ భాగస్వామ్యం" రెండూ ఒక్కసారే గుర్తొచ్చాయి. పిల్లలు కల్లానికి పోతుంటే కల్లాన్నే బడికి తెస్తే సరిపోతుంది కదా. నా తెలివికి నాకే ముచ్చటేసింది. ఒక పెద్ద రైతుని బతిమాలి బస్తాడు మిరపకాయలు తెప్పించాను. తల్లుల్నీ అమ్మమ్మల్నీ వచ్చి హాల్లోనే కూర్చుని ఏరమన్నాను. పక్కనే పిల్లలు పదేసి కాయలు కుప్ప పెడతారు, ఎర్రవి ఒక వైపు, తాలు ఒక వైపు. నేల మీద సుద్దతో గుండ్రాలు గీశాను. చుట్టూ గోడలకి నా చార్టులు.

గురువారం ఉదయం బస్తా విప్పబోతుంటే బుడంకాయ అమ్మమ్మ నా పక్కకొచ్చింది. ఆమె కల్లాల్లోనే తలపండిన మనిషి. "టీచరమ్మా, ఏమనుకోబాకండి, కల్లాన్ని ఇంట్లో పెట్టరండి. ఆరుబయటే పెడతారు," అంది. సర్టిఫికెట్ ఉన్నదాన్ని కదా, నవ్వి ఊరుకున్నాను. పైగా గాలికి చార్టులు ఎగిరిపోతున్నాయని కిటికీలు కూడా మూయించాను. తల్లులంతా ముక్కుకి పైట చెంగు అడ్డం పెట్టుకుంటే, అధికారి వస్తున్నాడని సిగ్గుపడుతున్నారనుకుని మనసులో మెచ్చుకున్నాను. పిల్లలు ముక్కులకి గుడ్డలు కట్టుకుని వస్తే మాత్రం, దొంగల ముఠాలా ఉందని విప్పించాను. తర్వాత జరిగినదానికి బాధ్యులెవరని ఎవరైనా అడిగితే, ఈ ఒక్క పేరా చదివించండి చాలు.

ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. చేతిలో గొడుగు, జేబులో ఆకుపచ్చ ఇంకు పెన్ను. మనిషి మంచివారే గానీ శకునాల పట్టింపు జాస్తి అని ముందే విన్నాం. ఆయన గడప లోపలికి కాలు పెడుతుండగా ఎవరో తుమ్మారు. ఆయన కాలు వెనక్కి తీసుకుని వరండాలో కాసేపు నిలబడి, మంచినీళ్ళు తాగి మళ్ళీ వచ్చారు. ఈలోగా బస్తా బోర్లించడం, నలభై జతల చేతులు కాయల్ని కదపడం జరిగిపోయాయి. ఇక చూడండి. ముందు వరస తుమ్మింది, వెనక వరస తుమ్మింది, హెడ్మాస్టారు తుమ్మారు, పాఠం చెబుతున్న నేను వాక్యానికొక తుమ్ము చొప్పున తుమ్మాను. కళ్ళల్లోంచీ ముక్కులోంచీ ధారలు. గాలాడితే తగ్గుతుందని హెడ్మాస్టారు పరుగెత్తి కిటికీలు తీయించారు. ఆ గాలికి నేల మీది గింజలపొడి కాస్తా లేచి, అప్పటిదాకా తుమ్మనివాళ్ళ చేత కూడా తుమ్మించింది. నా ఆపిల్ పండ్లు ఎగిరిపోయి కాయల మీద పడ్డాయి.

ఆయన ఓర్పుకి దండం పెట్టాలి. చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, విజిట్ పుస్తకం తెరిచారు. పెన్ను కాగితానికి ఆనించగానే హెడ్మాస్టారు తుమ్మారు. ఒకటే తుమ్ము. పెన్ను పైకి లేచింది. "ఒంటి తుమ్మండి. ఆగాలి," అన్నారాయన. వెనక నుంచి ఒక తల్లి తుమ్మింది, జంట కుదిరింది, పెన్ను దిగింది. అక్షరం పడేలోపు మూడో తుమ్ము, మళ్ళీ లేచింది. ఇలా లేవడం, దిగడం, లేవడం. ప్రతి ఆదివారం శకునాలు నమ్మరాదని ఆ హాల్లోనే వాక్యం చెప్పే మా హెడ్మాస్టారు నా చెవి దగ్గరికొచ్చి, "మనకివన్నీ లేవు గానీండమ్మా, ఇంకొకళ్ళు తుమ్మితే బాగుండు," అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ పెన్ను ములికి చివర నా ఉద్యోగం వేలాడుతోంది.

ఇంతలో రోడ్డు మీద దర్శి బస్సు హారన్ కొట్టింది. మళ్ళీ సాయంత్రం దాకా బస్సు లేదు. సరిగ్గా అప్పుడే ఒక పిల్లవాడు తుమ్మాడు, పెన్ను లేచింది, ఇక హాలంతా నిశ్శబ్దం. అంతసేపు వద్దన్నా వచ్చిన తుమ్ము, కావాలంటే ఒక్క ముక్కులోంచీ రాలేదు. నేను కూడా ముక్కు ఎగబీల్చి చూశాను, లాభం లేకపోయింది. ఆయన నిట్టూర్చి పెన్నుకి మూత పెడుతూ, మళ్ళీ ఎప్పుడైనా వచ్చినప్పుడు చూద్దాంలెమ్మన్నారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు మిరపకాయవి కావు.

అప్పుడు ఆయన కాళ్ళ దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది. "ఇరవై మూడు సార్. ఒకటి తక్కువుంది."

బుడంకాయ. సుద్ద గుండ్రంలో గొంతుక్కూర్చుని ఉంది. పెన్ను ఎప్పుడు లేస్తోందో, ఎప్పుడు దిగుతోందో చూస్తూ, ఒక్కో తుమ్ముకి ఒక్కో కాయ చొప్పున రెండేసి పక్కపక్కన పేర్చుకుంటూ వచ్చింది. పదకొండు జంటలు వరసగా ఉన్నాయి. చివర ఒక కాయ ఒంటరిగా ఉంది. అందరూ చూస్తుండగా ఆ పిల్ల ఒక కాయ చేతిలోకి తీసుకుని, ఇన్‌స్పెక్టర్ గారి కళ్ళల్లోకి సూటిగా చూసి, "హాచ్" అంది. అని, కాయని జంటలో పెట్టి, "ఇప్పుడు పెట్టండి సార్," అంది.

అది తుమ్ము కాదని హాల్లో అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. క్షణం సేపు ఆ కాయల వంక చూసి, భుజాలు కదిలేలా నవ్వి, మూత తీసి గబగబా రాసి సంతకం పెట్టి, గొడుగు పట్టుకుని బస్సుకి పరుగెత్తారు. ఆకుపచ్చ ఇంకులో ఏముందో చూద్దురు కదా: "పిల్లలు వస్తువుల సహాయంతో సరి, బేసి సంఖ్యలను చక్కగా గ్రహించారు. ఉపాధ్యాయిని కృషి ప్రశంసనీయం." సరి బేసి సంఖ్యలు నేను చెప్పనేలేదు, అవి పై తరగతి పాఠం. ఆ సాయంత్రం బుడంకాయ అమ్మమ్మని అడిగితే, కల్లంలో గంపల లెక్క చెప్పేది మనవరాలేనని, తనకి వేళ్ళు చాలవని మామూలుగా చెప్పింది. నేను బడికి తిరిగొచ్చి బ్లేడుతో ఆ ఎర్ర ఇంకు గీకాను. గీకీ గీకీ రిజిస్టరుకి చిల్లు పడింది.

తర్వాత ఎన్నో ఏళ్ళు, కొత్త టీచర్ల ముందు నిలబడి "నేను రూపొందించిన పద్ధతి" అంటూ ఈ పాఠం గురించి గొప్పగా చెప్పుకున్నాను (తుమ్ముల సంగతి మాత్రం దాచి). ఇప్పుడు రిటైరై, సండే స్కూల్లో పిల్లలకి శకునాలు లేవని చెబుతున్నాను. నిన్ననే అక్కడికి బయలుదేరుతుంటే వంటింట్లో పోపు ఘాటుకి మా ఆయన తుమ్మారు. ఒకటే. ఒక కాలికి చెప్పు తొడుక్కుని అలాగే ఆగిపోయాను. కాసేపు చూశాను, రెండోది రాలేదు. చుట్టూ ఎవరూ లేరని రూఢి చేసుకుని, మెల్లగా "హాచ్" అనుకుని, రెండో చెప్పు తొడుక్కున్నాను.