ఆపరేషన్‌కు ముందు ఎనిమిది కిలోలు

మా అత్తమ్మ హబ్సిగూడలో ఒక ఆడపిల్లల హాస్టల్‌ల వంట చేసేది. నలభై మందికి వండాలె, ప్రతి కూర ఉప్పు చూడాలె, మిగిలింది పారబోయ బుద్ధిగాక తనే తినాలె. చిన్నప్పుడు ఊర్ల గంజితోని పెరిగిన మనిషి. అన్నం పారబోస్తే ఆ పొద్దంతా ఆమెకు మనసున పట్టేది కాదు. అట్ల ఒళ్ళొచ్చింది. దానికి ఆమె సిగ్గుపడేది కాదు. "నా కోడలు మంచిగ జూస్తున్నదని నలుగురికి తెల్వొద్దా?" అని నవ్వేది.

ఒకరోజు పెద్ద అన్నం గంజు దించుతుంటే బొడ్డు పక్కన ఏదో జారినట్టయిందట. నాచారంల మా ఇంటికొచ్చినంక నాకు చూపించింది. నిమ్మకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోతది, లేస్తే బయటికొస్తది. నేనప్పుడు మల్లాపూర్‌ల మందుల డబ్బాలు ప్యాకింగ్ చేసే కంపెనీల పనిచేస్తున్న. సగం రోజు లీవు పెట్టి దవాఖానకు తీస్కపోయిన.

హెర్నియా అని చెప్పిండు డాక్టర్. "ఆపరేషన్ చేస్తే తగ్గుతుందమ్మా. కానీ ఈ బరువు మీద చేస్తే కుట్ల మీద భారం పడి మళ్ళీ రావచ్చు. ఓ ఎనిమిది కిలోలు తగ్గండి. తొందర లేదు, నెమ్మదిగానే తగ్గండి. ఉబ్బు గట్టిపడి నొప్పి లేచినా, వాంతులైనా మాత్రం ఆగకుండా వచ్చేయండి."

అత్తమ్మ చెవిన ఎనిమిది కిలోలు పడ్డయి గని, నెమ్మదిగా అన్న మాట పడలే.

అప్పుడే ఈస్టర్ ముందటి ఉపవాస దినాలు మొదలైనయి. ఏటా ఆమె పొద్దటి తిండి ఒక్కటే మానేది. ఆ ఏడు రోజంతా చాయ మీదనే ఉన్నదని మాకు తెల్వదు. హాస్టల్‌ల తింటున్నదని మేం అనుకున్నం, ఇంట్ల తినొస్తున్నదని హాస్టలోళ్ళు అనుకున్నరు. మూడు వారాలు గట్లనే నడిచింది. చీర వదులైంది. నేను చూసి సంబరపడ్డ కూడా.

ఒక మధ్యాహ్నం కంపెనీకి వార్డెన్ ఫోన్ చేసింది. అత్తమ్మ పొయ్యి దగ్గర కండ్లు తిరిగి పడిపోయిందట. నేను పోయేసరికి పిల్లలు చుట్టూ కూసొని విసురుతున్నరు. పొయ్యి మీద పడకపోవుడు మా అదృష్టం.

దవాఖానల రక్తం చూస్తే మస్తు తక్కువున్నది. "తగ్గింది కొవ్వొకటే కాదమ్మా, కండ కూడా కరిగింది" అన్నడు డాక్టర్. "ఒంట్లో బలం లేకపోతే గాయం మానదు. ఇప్పుడు ఆపరేషన్ చెయ్యను."

వచ్చేటప్పుడు ఆటోల నాకు కోపమూ ఏడుపూ కలిసే వచ్చినయి. "గిట్లెందుకు జేసినవ్ అత్తమ్మా? నాకొక్క మాట జెప్పకపోతివి."

ఆమె మొహం రోడ్డు దిక్కు తిప్పుకున్నది. "నీకు లీవులు దొరకవు గద బిడ్డా. జెల్ది తగ్గితే జెల్ది అయిపోతది, నిన్ను మళ్ళ మళ్ళ తిప్పుడెందుకు అనుకున్న."

ఇల్లు వచ్చేదాక ఆమె చెయ్యి పట్టుకొని కూసున్న.

రక్తం గోళీలతోపాటు, దవాఖానల తిండి సంగతి చెప్పే మేడం దగ్గరికి పంపిన్రు. మూడు పూటలా తినాలె అన్నది ఆమె. జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, ఆకుకూర, ఒక గిన్నెడు అన్నం. అత్తమ్మ నా దిక్కు తిరిగి, "ఏందే, ఇంత తింటే తగ్గుతనా?" అని గట్టిగనే అడిగింది. మేడం కూడా నవ్వింది. కష్టమంతా హాస్టల్‌ల మిగిలిన అన్నంతోనే వచ్చింది. చివరికి వార్డెన్ ఆ అన్నం వాచ్‌మెన్ ఇంటికి పోయేటట్టు చూసినంక అత్తమ్మకు నిమ్మళమైంది.

మెట్రో పనికి హబ్సిగూడ రోడ్డంతా తవ్విన రోజులవి. ఆటో ఎక్కినా నడిచినా అంతే సేపు పట్టేది. అందుకని సాయంత్రం నేను కంపెనీ నుంచి హాస్టల్‌కు పోయి, ఇద్దరం నడుసుకుంటనే ఇంటికొచ్చేటోళ్ళం. దుమ్ముకు ముక్కులకు కొంగు కట్టుకొని ఆమె ఊరి ముచ్చట్లు చెప్పేది. పెండ్లయిన తొమ్మిదేండ్లల్ల నేను వినని ముచ్చట్లు అవి. ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు బియ్యం దుకాణంల మూటలు తూచే కాంటా ఎక్కేది. నెలకు కిలో, కిలోన్నర. ఒక్కోవారం ముల్లు కదిలేదే కాదు. మొహం మాడ్చుకునేది.

చలికాలానికి రక్తం పెరిగింది, బరువూ దిగింది. ఆపరేషన్ మంచిగనే అయింది.

అసలు కష్టం తర్వాత వచ్చింది. కడుపు నిండితే కుట్లు తెగుతయని ఆమెకు భయం. రెండు ముద్దలకే చాలంటది. దగ్గొస్తే కడుపుకు దిండు అదుముకుంటది. నేను పప్పులన్నం మెత్తగ పిసికి, కొద్దికొద్దిగ ఐదారుసార్లు పెట్టిన. బరువులెత్తొద్దన్నరు గని నడవమన్నరు కాబట్టి గల్లీ చివరిదాక నడిపించిన.

చూడనీకి ఊర్నుంచి చుట్టపామె ఒకామె సున్నుండలు పట్టుకొని వచ్చింది. "ఏందమ్మా గిట్ల ఎండిపోయినవ్? కోడలు బువ్వ వెడ్తలేదా?" అన్నది, నేను వినంగనే.

అత్తమ్మ దిండు పట్టుకొని లేచి కూసున్నది. "నా కోడలు పెట్టకుంటే నేను గిట్ల లేచి కూసునేదాన్నే కాదు. ఎంత తినాల్నో ఆమెకెరుక. నువ్వు జర ఊకో" అన్నది. నేను చాయ పెట్టే వంకతోని లోపలికి పోయి కండ్లు తుడుసుకున్న.

మూడు నెల్లకు ఆఖరిసారి చూపించుకోను పోయినం. డాక్టర్ కడుపు నొక్కి చూసి, అంతా మంచిగున్నది, వంటకు పోవచ్చు, గంజులు మాత్రం వేరేటోళ్ళు దించాలె అన్నడు. లేచేముందు అత్తమ్మ నన్ను ముందుకు తోసింది.

"ఈమెను గూడ కాంటా ఎక్కియ్యున్రి సార్. నా ఎనుక తిరిగి తిరిగి సగమైంది."

వద్దన్నా వినలే. ఎక్కితే నిజంగనే ఐదు కిలోలు తగ్గి ఉన్న. నాకే తెల్వదు. రక్తం చూపిస్తే అదీ తక్కువే. ఆ తెల్లారి నుంచి నా టిఫిన్ డబ్బాల రెండు ఉడకబెట్టిన గుడ్లు ఉండేటివి. మధ్యాహ్నం అన్నం టైముకు హాస్టల్ నుంచి ఫోన్ కూడా వచ్చేది, "రెండూ తిన్నవా?" అని.