కాంతమ్మ మాత్రల పట్టీ

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక ఏప్రిల్‌లో, నన్ను వాకాడు మండలంలో సముద్రపు ఒడ్డునున్న ఉపకేంద్రానికి ఏఎన్ఎంగా వేశారు. టీకాలు, గర్భిణుల పరీక్షలతో పాటు గర్భనిరోధక మాత్రలు పంచడం కూడా నా పనే. పట్టీకి ఇరవై ఎనిమిది మాత్రలు. తెల్లవి ఇరవై ఒకటి. వాటిలో లెవోనార్జెస్ట్రెల్ అనే కృత్రిమ హార్మోను, దానికి తోడు మరొకటి ఉంటాయి. అండం విడుదల కాకుండా ఆపుతాయి, రోజూ వేసుకుంటేనే. మిగతా ఏడూ ఇనుము బిళ్ళలు. నెలనెలా "వేసుకుంటున్నావా?" అని అడిగి, "ఆ" అన్నవాళ్ళకు రిజిస్టరులో 'క్రమంగా వాడుతున్నారు' అన్నచోట టిక్కు పెట్టేదాన్ని. ఆ టిక్కులంటే నాకు మహా గర్వం.

డిసెంబరులో ఒకరోజు పొద్దున్నే కాంతమ్మ వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. భర్త పోలయ్య పెద్ద బోటు మీద వారమేసి రోజులు వేటకు పోతాడు. నెల తప్పి పన్నెండు రోజులైందట. నాయుడుపేట దగ్గర రొయ్యల కంపెనీలో పని దొరికింది, సోమవారం చేరాలి.

"మళ్ళీ కడుపైతే ఆ పని పోయినట్టేనక్కా" అని కళ్ళు తుడుచుకుంది.

ఎనిమిది నెలలుగా ఆమె పేరు పక్కన టిక్కు పెడుతున్నది నేనే. సిగ్గేసింది. మూత్ర పరీక్ష పెట్టి, అది తేలేలోగా పట్టీ చూపించమన్నాను. పిల్లలు కొరికి పారేసిన మొక్కజొన్న కంకిలా ఉంది, అక్కడ నాలుగు, ఇక్కడ ఆరు మిగిలి.

"ఇదేందమ్మా?"

"ఆయన యాటకి పోయిన దినాల్లో ఎందుకక్కా? గవర్మెంటు మాత్రలు గదా, దండగ చేయకూడదని."

కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మాత్ర పనిచేసేది ఆమె ఒంట్లోనని, మధ్యలో మానితే రక్షణ ఉండదని, నెలసరి కూడా అటూ ఇటూ అవుతుందని విడమరిచి చెప్పాను. ఇంతలో పరీక్ష తేలింది. ఒక్క గీతే, గర్భం లేదు. అయినా వారం తర్వాత మళ్ళీ చూద్దామన్నాను. ఆ అవసరం రాలేదు. ఆదివారం బయట చేరానని ఫోన్ చేసింది. కొత్త పట్టీ మొదలుపెట్టి, మర్నాడు పనిలో చేరింది.

"ఇంక అన్నం తిన్నాక మింగుతానక్కా. ఆయన ఉన్నా లేకపోయినా అన్నమైతే తింటా గదా" అంది.

ఆ వారమే వాడలో అందరి పట్టీలూ తెప్పించి చూశాను. మరో నలుగురివీ అలాగే ఉన్నాయి. వేసుకుంటున్నావా అంటే ఎవరైనా ఆ అనే అంటారు, అందులో అబద్ధమూ లేదు. పట్టీ చూడకుండా టిక్కు పెట్టకూడదని ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత నేర్చుకున్నాను.