సాబిరా నేసుకున్న తివాచీ

టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైన ఇమాం సాహెబ్ ఇక హాయిగా ఇంట్లో కూర్చుంటాడని సాబిరా అనుకుంది. ఆయన నిజంగానే ఒక్కరోజు కూర్చున్నాడు. మర్నాడు వట్లూరు వెళ్ళి, తనతోపాటే రిటైరైన చలపతిరావు దగ్గర్నుంచి గోనెసంచి నిండా పాత కంప్యూటర్ బోర్డులు తెచ్చి ముందుగదిలో కుమ్మరించాడు. అప్పట్నుంచి ఏలూరు తంగెళ్ళమూడిలో ఉన్న ఆ ఇంటికి ముందుగది లేదు. వచ్చినవాళ్ళను వంటింట్లో పీటేసి కూర్చోబెడుతున్నారు.

రిటైరైన మగవాళ్ళు రెండు రకాలు. పార్కులో కూర్చుని దేశాన్ని బాగుచేసేవాళ్ళు కొందరు, ఇంట్లో కూర్చుని ఇంటిని బాగుచేసేవాళ్ళు కొందరు. మొదటి రకంతో ఎవరికీ నష్టం లేదు. ఇమాం సాహెబ్ రెండో రకం. నీళ్ళ ట్యాంకు నిండితే మోగే గంట ఒకటి తయారుచేశాడు. అది ట్యాంకు నిండినప్పుడు తప్ప అన్ని వేళలా మోగేది. బాగుచేస్తానని విప్పాడు. మనిషి అలికిడికి దానంతటదే వెలిగే గేటు లైటు చేశాడు. కుక్కకు వెలిగింది, పిల్లికి వెలిగింది, సాబిరాకు మాత్రం వెలగలేదు. దాన్నీ విప్పాడు. మిక్సీ ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటర్‌లో చూపిస్తానని పోయిన రంజానుకు ముందు విప్పిన మిక్సీ ఇంకా చాటలోనే ఉంది. సాబిరా రోట్లో నూరుకుంటోంది.

చేతకాక కాదు. పనితనం ఉంది, బుర్ర అంతకంటే ఉంది. కానీ చేసినదాంట్లో ఆవగింజంత తప్పు కనబడితే చాలు, ఆఖరి స్క్రూ దాకా విప్పితే గాని ఆయనకు మనశ్శాంతి ఉండదు. విప్పాక బిగించేలోపు ఇంకో కొత్త ఆలోచన వస్తుంది. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి కాబట్టి ఎవరి మాటా ఎక్కదు.

సాబిరాది మొదలుపెట్టింది ముగించే చెయ్యి. వాళ్ళ పుట్టింటివాళ్ళు తివాచీలు నేసేవాళ్ళు. పదకొండో ఏట తండ్రి పక్కన మగ్గం ముందు కూర్చున్న పిల్ల, పెళ్ళయ్యాక కూడా, కూతురు మునీరా పుట్టాక కూడా షెడ్డుకు వెళ్ళి నేసింది. ఉన్ని ముడివెయ్యడం, కొయ్యడం, మళ్ళీ ముడివెయ్యడం. అలా ఎన్ని తివాచీలు నేసిందో ఆమెకే తెలియదు. అన్నీ ఓడలెక్కి పోయాయి. ఎక్కడెక్కడి దొరలో వాటి మీద చెప్పులతో నడిచారు. నేసినావిడ ఇంట్లో పరిచింది ప్లాస్టిక్ చాప.

షెడ్డు మూతపడి చాలా ఏళ్ళయింది. కంటికి శుక్లాల ఆపరేషన్ కూడా అయింది. ఒకరోజు సాబిరా ట్రంకుపెట్టె అడుగునుంచి తండ్రి గీసిన గళ్ళ కాగితం తీసింది. మూడడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవు తివాచీకి డిజైను. కింద పూలకుండీ, పైన కొమ్మ మీద చిలక. ఒక్కో గడికి ఒక్కో ముడి, గడిలో ఏ రంగుంటే ఆ రంగు ఉన్ని. కాగితాన్ని ముక్కుకు ఆనించి చూసింది, చెయ్యి చాపి చూసింది. గళ్ళన్నీ అలికేసినట్టున్నాయి.

"ఒక్కటి నాకోసం నేసుకుందామనుకున్నానండీ. ఇక అది అయ్యేది కాదులెండి," అని కాగితం మడిచేసింది.

ఆ మాట మామూలుగానే అంది. ఇమాం సాహెబ్‌కు ఆ పూట అన్నం సయించలేదు.

షెడ్డులో ఒకరు కాగితం చూసి రంగులు చదివితే మిగతావాళ్ళు వింటూ ముడులు వేసేవారు. ఎరుపు ఏడు, గోధుమ రెండు, ఆకుపచ్చ ఒకటి అంటూ సాగేది ఆ చదవడం. ఆ పని కంప్యూటర్‌కు అప్పజెబితే సరి అని ఆయనకు తోచింది.

"మీరే చదవొచ్చు కదండీ," అంది సాబిరా.

మనిషి చెయ్యగలిగిన పనిని మనిషే చెయ్యడమేమిటని ఆయన చాలా నొచ్చుకున్నాడు.

కాగితాన్ని ఫొటో తీశాడు. గడి గడికీ రంగు గుర్తుపట్టే ప్రోగ్రాం రాశాడు. దాన్ని అరచేతిలో పట్టే చిన్న బోర్డులోకి ఎక్కించి, పాత బిస్కెట్ డబ్బాలో బిగించి స్పీకరు పెట్టాడు. మొదట మిషను గొంతే పెడితే, పక్కింటివాళ్ళు ఎవరో పోయారేమోనని పరామర్శకు వచ్చారు. అందుకని రంగుల పేర్లూ అంకెలూ తన గొంతుతో చదివి అందులో నింపాడు. "ముప్పై ఎనిమిదేళ్ళుగా బయట వింటున్నది చాలక డబ్బాలోంచి కూడానా," అని సాబిరా నెత్తి కొట్టుకుంది. కానీ ఆ సాయంత్రమే తమ్ముడింటి డాబా మీద పడున్న చిన్న మగ్గాన్ని ఆటోలో తెప్పించింది. ముందుగదిలోని బోర్డులన్నీ మంచం కిందికి పోయాయి. వాటిని కదిలించడం ఇంతవరకూ తుఫానుకు కూడా సాధ్యం కాలేదు.

ఒక రంగు అయిపోగానే సాబిరా "ఊ" అంటే డబ్బా తర్వాతిది చెప్పాలని ఏర్పాటు. మొదటిరోజే కొల్లేరు చేపల బుట్టతో వచ్చినావిడ వీధిలో పెట్టిన కేకను డబ్బా ఊకొట్టడమే అనుకుని నాలుగు రంగులు ముందుకు పరిగెత్తింది. పన్నెండు ముడులు పీకాల్సొచ్చింది. ఆ దెబ్బతో ఊకొట్టడం తీసేసి, కాలింగ్ బెల్ స్విచ్చి ఒకటి ఆమె కాలికింద పెట్టాడు. అది బాగా కుదిరింది.

రోజుకు మూడు వరసలు సాగేవి. "ఎరుపు పదకొండు," అనేది డబ్బా. "నెమ్మదండీ, మీకేం తొందర," అనేది సాబిరా. వంటింట్లోంచి ఇమాం సాహెబ్, "నేనేం అన్లేదే," అనేవాడు. ఆయన చేసినవాటిల్లో నెలరోజులు విప్పకుండా ఉన్నది అదొక్కటే. తంగెళ్ళమూడి అంతా చెప్పుకుని తిరిగాడు.

ముప్పయ్యో రోజున టీ గ్లాసుతో వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, మగ్గం వైపు తీరిగ్గా చూశాడు. అంచు అయిపోయింది, పైన గోధుమరంగు ఖాళీ వచ్చింది, ఆ పైన చిలక తల. ముక్కు పైకి, నెత్తి నేలకు. చిలక శీర్షాసనం వేస్తోంది.

తప్పెక్కడుందో ఆయనకు తక్షణం తెలిసింది. కంప్యూటర్‌లో బొమ్మకు మొదటి వరసంటే అన్నిటికంటే పై వరస. అక్కణ్ణుంచి చదవమని రాసేశాడు. తివాచీ కిందినుంచి పైకి పెరుగుతుంది. కుండీ అడుగునుంచి చదవాలి. షెడ్డులో మొదటిరోజు చేరినవాడికి కూడా తెలిసిన సంగతి, ఎక్స్ఛేంజీలో ముప్పై నాలుగేళ్ళు చేసినాయనకు తట్టలేదు.

టీ పారబోసి చలపతిరావుకు ఫోన్ చేశాడు. ఆయనకూ ఇదే జబ్బు. "అదేం పెద్ద పనండీ, విప్పెయ్యండి. ప్రోగ్రాం మొత్తం మొదట్నుంచి రాసేద్దాం. నేనూ వస్తాను," అన్నాడు ఉత్సాహంగా. పెళ్ళికి పిలిచినంత సంబరం.

మర్నాడు పొద్దున్న ఇమాం సాహెబ్ స్క్రూడ్రైవర్ వెనక దాచుకుని మగ్గం దగ్గరికి వచ్చాడు.

"సాబిరా, డబ్బాకి చిన్న అప్‌డేట్ ఇవ్వాలి. ఒక రెండ్రోజులు ఆపుతావా?"

"చిలక గురించేనా అండీ?"

సాబిరా చెయ్యి ఆగలేదు. ఆకుపచ్చ ఉన్ని ముడేసింది, కోసింది.

"అంచు అయిపోగానే కుండీ అడుగు రావాలి. గోధుమరంగు ఖాళీ వచ్చింది. పదో రోజునే తెలిసిందండి నాకు."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే విప్పుతారు కాబట్టి."

"తప్పు కదా సాబిరా. బాగుచెయ్యాలి కదా."

"నేసేశాక అటుది ఇటు తిప్పి పరుచుకుంటే నిలబడుతుంది. చిలక కుడికి చూడాల్సింది ఎడమకి చూస్తుంది. చూడనివ్వండి, దానికి లేని బాధ మీకెందుకు." అప్పుడు ఆగింది ఆమె చెయ్యి. "ఈ కన్ను ఎన్నాళ్ళు పనిచేస్తుందో నాకు తెలీదండీ. ఈ వేళ్ళు ఎన్నాళ్ళు వంగుతాయో తెలీదు. మీరు విప్పినవి ఒక్కటీ మళ్ళీ లేవలేదు. దీన్ని కూడా విప్పితే నా తివాచీ అవదు."

గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టలేదు. పెట్టినా బావుండేదనిపించింది ఇమాం సాహెబ్‌కు. చాటలో ఉన్న మిక్సీ, ఆగిపోయిన గంట, చీకట్లో ఉన్న గేటు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి సిగ్గేసింది. స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళి ఆవాల డబ్బా వెనక పడేశాడు.

ఆ తర్వాత డెబ్భై రోజులు ఆయన పడిన బాధ పగవాడికి వద్దు. తప్పు కళ్ళెదురుగా పెరుగుతోంది, చేతులు కట్టుకుని చూడాలి. చిలక మెడ వచ్చింది, రెక్క వచ్చింది, కొమ్మ గాల్లో వేలాడింది. రెండుసార్లు కీబోర్డు దాకా వెళ్ళి దొరికిపోయాడు. "నాలుగే నాలుగు అక్షరాలు మార్చాలి," అని గొణిగాడు. సాబిరా తలెత్తి ఒకసారి చూసింది. ఇక ఆ అక్షరాల జోలికి పోలేదు. చలపతిరావు ఫోన్ చేస్తే, "వద్దండి, అది అలా ఉండాలి," అన్నాడు. ఆయన జీవితంలో అంత కష్టమైన మాట ఇంకోటి అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం డబ్బా ఆఖరి ఎరుపు చదివింది. సాబిరా ఆఖరి ముడి వేసి, మగ్గం మీది దారాలు తెగ్గోసి, తివాచీని దించింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని తిప్పి ముందుగదిలో పరిచారు. చిలక కొమ్మ మీద నిలబడింది. ఇమాం సాహెబ్ మురిసిపోతూ కాలు పెట్టబోయాడు.

"కాళ్ళు కడుక్కున్నారా?"

ఆయన పెరట్లోకి వెళ్ళి శుభ్రంగా కడుక్కుని వచ్చాడు. వచ్చేసరికి సాబిరా కళ్ళజోడు కూడా తియ్యకుండా తివాచీ మీద మోకాళ్ళు ముడుచుకుని పడుకుంది. చెంప ఉన్నికి ఆనించి, పట్టపగలు, గుర్రుపెట్టి నిద్రపోతోంది. ఇన్నేళ్ళలో ఆ వేళప్పుడు ఆమె పడుకోగా ఆయన చూడలేదు. లేపబుద్ధి కాలేదు. తడికాళ్ళు తివాచీకి తగలకుండా ముడుచుకుని ఇమాం సాహెబ్ గచ్చు మీద కూర్చున్నాడు.