జీడితో పెట్టిన టీకా మచ్చ

ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

రెండో ప్రపంచయుద్ధం రోజులు. ఆళ్లగడ్డలో మశూచి టీకాలు వేసే పెద్దాయన దగ్గర మేమిద్దరం జవాన్లం. ఆయన ఊళ్లమీదికి పోతే నేను మందుపెట్టె మోసేవాణ్ణి. నా తోటివాడు ముందు పోయి జనాన్ని పోగుచేసేవాడు. పోగుచెయ్యడమంటే తిట్టడమే. పిల్లను చంకనేసుకుని పెరట్లోకి పరిగెత్తే తల్లిని రెక్కపట్టి లాక్కొచ్చి, "బిడ్డను సంపుకుంటావా ఏందీ?" అని వీధంతా వినబడేలా అరిచేవాడు.

నంద్యాలలో టీకాల పని నేర్పుతారు, ఇద్దరూ రండని కబురొచ్చింది. నేర్చుకుని వస్తే పెట్టె మోత తప్పి సూది చేతికొస్తుంది. నేను బడి గడప తొక్కినవాణ్ణి కాదు. అంగట్లో పొట్లాలు కట్టిన కాగితాలు విప్పుకుని చదువు పట్టుకున్నాను. నాలాంటివాడికి ఇంకో దారి యాడుంది? షరతు ఒక్కటే. వచ్చేవాడు తన చేతిమీద టీకా చూపించాలి. తాను వేయించుకోనివాడు ఊరికి ఏ మొహంతో వేస్తాడు? న్యాయమైన మాటే.

నాకు చిన్నప్పుడే వేశారు. మూటలు కట్టుకుంటూ వాణ్ణి అడిగాను.

"నీ మచ్చలు యాడుండాయిరా?"

"ల్యావప్పా."

"ల్యావా? ఇన్నాళ్లూ ఊరందరి రెక్కలు గుంజితివే!"

"ఊరోళ్లకేస్తే నాకేం నొప్పి? నా ఒంటికి సూది తగలనియ్యనని మాయమ్మ అమ్మవారికి మొక్కుకునింది."

"పెద్దాయన ఇంట్లోనే ఉండాడు. పోయి ఇప్పుడే ఏయించుకో. చీమ కుట్టినట్లుంటాది, అంతే."

"నువ్వు కుట్టిచ్చుకో పో చీమలతో."

సాయంత్రానికి, బట్టలుతికేవాళ్లు గుడ్డలకు గుర్తులు పెట్టే నల్లజీడి గింజ ఒకటి అడిగి తెచ్చాడు. దాన్ని దీపానికి కాచి, కారిన నల్లటి రసాన్ని పుల్లతో జబ్బమీద నాలుగు చోట్ల అంటించుకున్నాడు. అది తగిలితే తోలు కాలి బొబ్బలెక్కుతుందని మా వైపు అందరికీ తెలుసు. పళ్లు కొరుకుతూ ఆ మంటంతా ఓర్చుకున్నాడు గానీ, సూదికి చెయ్యి చాపలేదు. జీడి సంగతి వాళ్లమ్మ మొక్కులో లేదట! ఆ వేళ్లు తుడుచుకోవడానికి వాడికి దండెం మీది నా తువ్వాలే దొరికింది. నేను చూడలేదు. మరునాడు అదే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను.

బయల్దేరే పొద్దుకు వాడి జబ్బమీద నాలుగు బొబ్బలు చీముపట్టి అచ్చం పొంగిన టీకాలాగే ఉన్నాయి. నా మొహం గుమ్మడికాయలా వాచింది. కళ్లు సగం పూడిపోయాయి. నుదురంతా నీటిపొక్కులు.

పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సు పొగ కక్కుతూ నిలబడి ఉంది. నేను మెట్టుమీద కాలు పెట్టానో లేదో కండక్టరు ఎగిరిపడ్డాడు.

"దిగప్పా, దిగు! అమ్మవారు పోసినోన్ని ఎక్కిచ్చుకుంటే బస్సంతా అంటుకుంటాది."

"అమ్మవారు కాదన్నా, జీడి. ఈయప్పనడుగు, ఇద్దరం కలిసే పోతాండాం."

వాడు అప్పటికే కిటికీ పక్కన కూచున్నాడు. నా సద్దిమూట వాడి ఒళ్లోనే ఉంది.

"ఏమోన్నా, నాకేం తెలుసు? పొద్దున్నుంచి జరమని మూలుగుతాండాడు."

"వాని చెయ్యి సూడన్నా!" అని అరిచాను.

వాడు నిదానంగా చొక్కా చెయ్యి మడిచాడు. "ఇది టీకాన్నా. సర్కారు టీకా."

బస్సులోవాళ్లంతా నన్నే తిట్టారు. నా జొన్నరొట్టెలు నంద్యాలకు పోయాయి, నేను పోలేదు.

వాపు తగ్గాక ఎడ్లబండి పట్టుకుని పోతే, అక్కడి డాక్టరు, "నేర్పడం సగమైపోయింది, మళ్లీ పిలిస్తే రా" అన్నాడు. మళ్లీ ఎవరూ పిలవలేదు. అదే డాక్టరు వాడి జబ్బ చూసి "బాగా పట్టింది" అని మెచ్చుకున్నాడట. ఈ సంగతి వాడే నాకు చెప్పి నవ్వాడు. ఉమ్మెయ్యాలనిపించింది.

పెద్దాయనకు బదిలీ అయింది. సూది వాడి చేతికొచ్చింది. పెట్టె మాత్రం నా నెత్తినే ఉంది.

వాడిప్పుడు తల్లులను తిట్టడం మానేశాడు. చొక్కా పైకి మడిచేవాడు. నాలుగు మచ్చలు, నల్లగా, దుడ్డుబిళ్లలంత. "సూడండమ్మా, నేను ఏయించుకోలేదా? సచ్చిపోతినా?" వాళ్లు నమ్మి బిడ్డలను ముందుకు తెచ్చేవాళ్లు. ఆ దొంగ చెయ్యి చూసినప్పుడల్లా నిజం నా నోటిదాకా వచ్చేది. చెబితే ఈ తల్లులు మళ్లీ పెరళ్లలోకి పారిపోతారు. అమ్మవారు పోసి కళ్లు పోయిన పిల్లలను నేను మా వీధిలోనే చూశాను. అందుకని నోరు మూసుకుని పెట్టె మూత తెరిచేవాణ్ణి.

రుద్రవరం వైపు ఒక ఊళ్లో, మనవణ్ణి ఎత్తుకున్న ముసలామె ఒకతె వాడి మచ్చలు చూసి, నావైపు తిరిగింది.

"నీదీ సూపియ్యప్పా."

మడిచి చూపించాను. చూపు ఆనక వేలితో తడిమింది.

"నీదేందప్పా, ఉండీ లేనట్లుండాది. ఆయప్పది సూడు, ఎంత బాగా పడిందో!" అని మనవణ్ణి వాడి ముందు కూచోబెట్టింది. "మావానికీ ఆ మాదిరే ఎయ్యి నాయనా."