రుచి చూడటం తినడం కిందికి రాదట

మా బావ ఓ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటవాడు. ఆయన నాలుక మీద అక్కడందరికీ తెగ గురి. గరిటెడు సూపు అరచేతిలో పోసుకుని జుర్రి, కళ్లు మూసుకుని, "ఇంకాస్త పడాలి" అన్నాడంటే ఉప్పు పడి తీరాల్సిందే. అదే నాలుకతో ఇంట్లో మా అక్క వంటకి ఇన్నేళ్లుగా వంకలు పెడుతూ వచ్చాడు. బాగుందని ఏనాడూ అన్న పాపాన పోలేదు. మహా అయితే, "ఏదోలే, తినచ్చు" అనేవాడు.

అంతటి మహానుభావుడికి కాళ్లు వాచాయి. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, "మీ కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. ఇప్పుడే నోరు కట్టుకుంటే వీటితోనే నెట్టుకొస్తారు. లేదంటే రేపు డయాలసిస్ తప్పకపోవచ్చు. ఉప్పు బాగా తగ్గించండి. ప్యాకెట్ మసాలాలు, సాసులు మానేయండి" అంది.

తగ్గించమందా? తగ్గిస్తే మా బావ గొప్పతనం ఏముంది! ఉప్పు డబ్బానే పక్కింటికి దానం చేశాడు. చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాడు. "ఉప్పు ముట్టట్లేదురా! మనసు గట్టిగా ఉండాలంతే" అని నాకు గంటసేపు క్లాసు పీకాడు. మా అక్క పాపం ఆయనకి చప్పిడి కూర వండి, తనూ అదే తినేది.

"నీకేమొచ్చిందక్కా? నీ వరకు కాస్త వేసుకోవచ్చుగా?" అన్నాను.

"ఎదురుగా కూర్చుని నేను రుచిగా తింటే ఆయన ప్రాణం కొట్టుకోదూ?" అంది.

తర్వాతి పరీక్షలో కిడ్నీల దెబ్బ చూపే అంకె తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. డాక్టరమ్మ అనుమానంగా చూసేసరికి మా అక్కకి ఏడుపొక్కటే తక్కువ. "ఒట్టండీ, చిటికెడు కూడా వేయట్లేదు. నా వంటలోనే ఏదో లోపముందేమో" అంది. పక్కన కూర్చున్న మా బావ గంభీరంగా తలాడించాడు. అంతేగా మరి, లోపమంటూ ఉంటే ఆవిడ వంటలోనేగా ఉండాలి!

నాకు ఒళ్లు మండింది. మర్నాడు సెలవు పెట్టి క్యాంటీన్‌కి వెళ్లి, వంటింట్లో ఓ మూల స్టూలు వేసుకుని కూర్చున్నాను. పొయ్యి వెలిగింది మొదలు అదే పని. సూపు జుర్రాడు. కూర జుర్రాడు. అందులో సాసు ఒంపి మళ్లీ జుర్రాడు. అనుమానమొచ్చి ఇంకోసారి జుర్రాడు.

"ఇదేంటి బావా?"

"రుచి చూడ్డంరా. ఇది తినడం కిందికి రాదు. కంచం ముందు కూర్చుంటేగా తిన్నట్టు!"

ఆహా! ఈ సంగతి కిడ్నీలకి తెలియదు పాపం. ఎవరైనా చెప్పి ఉంటే ఊరుకునేవేమో.

ఓ ఖాళీ గిన్నె తీసుకుని, ఆయన అరచేతిలో పోసుకున్నప్పుడల్లా అంతే గిన్నెలో పోస్తూ పోయాను. మధ్యాహ్నం వడ్డన అయ్యేసరికి గిన్నె అంచుదాకా నిండింది.

"ఇంతెక్కడిదిరా? నువ్వు గరిట నిండా పోసుంటావు" అన్నాడు. గొంతులో మాత్రం మునుపటి జోరు లేదు.

ఆ గిన్నెకి మూత పెట్టి, ఆయన్ని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లి, మా అక్క ముందు పెట్టాను. "మీ ఆయన రోజూ తినకుండా తింటున్నది ఇదే" అన్నాను. ఇక ఇల్లెగిరిపోయేలా తిడుతుందనుకున్నాను. బావకీ అదే భయమనుకుంటా, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

మా అక్క చెంచా తెచ్చుకుంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఇంకోటి పెట్టుకుంది. కళ్ల నిండా నీళ్లు.

"ఎంత బాగుందండీ!" అంది. "ఇలాంటిది తిని ఎన్నాళ్లయిందో."

తిట్టినా బాగుండేది. మా బావ ఉన్నచోటే కూలబడి, తల పట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

ఇప్పుడు ఇంట్లోకి ఉప్పు డబ్బా తిరిగొచ్చింది, డాక్టరమ్మ చెప్పిన కొలత ప్రకారం. బావ కాళ్ల వాపూ కాస్త దిగింది. బావే మేనేజరు కాళ్లావేళ్లా పడి మా అక్కని క్యాంటీన్‌లో పనికి పెట్టించాడు. వండేది ఆయన, రుచి చూసేది ఆవిడ. ఆయన గరిట అందించి, చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆవిడ కొంచెం అరచేతిలో పోసుకుని, కళ్లు మూసుకుని, ఎంతకీ తేల్చదు.

"బాగుందా?" అంటాడు మా బావ ఊపిరి బిగబట్టి.

"ఏదోలెండి, తినచ్చు" అంటుంది మా అక్క.