బర్మా మాట, మంగోలియా గొంతు

మా మేనత్త పోయిన నెల ఒక ఆదివారం ఉదయం ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. చర్చికి తయారై, చెంపలకి గంధం రాసుకుని, ఆటో కోసం వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆటో వచ్చేసరికి ఆవిడ లేదు. ముఖం ప్రశాంతంగా ఉంది. గంధం ఇంకా పూర్తిగా ఆరలేదు.

ఆ గంధం సంగతి మంగళగిరిలో మా సంఘంవాళ్ళందరికీ తెలుసు. అత్తయ్య పుట్టింది రంగూన్‌లో. మా తాతగారు అక్కడ బియ్యం మిల్లులో పనిచేసేవారు. పరిస్థితులు మారి అందరూ ఓడెక్కి వచ్చేసరికి అత్తయ్యకి పన్నెండేళ్ళు. అక్కడి ఆడవాళ్ళు ఎండకి చెట్టుబెరడు అరగదీసి చెంపలకి రాసుకుంటారట. ఇక్కడ ఆ బెరడు దొరక్క గంధంతో సరిపెట్టుకుంది.

మరో అలవాటు ఉండేది. ఎవరికి ఏది ఇచ్చినా కుడిచేత్తో ఇస్తూ, ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకునేది. పుచ్చుకునేటప్పుడూ అంతే. బర్మాలో పెద్దల ముందు అది మర్యాద. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ అలా పట్టుకుంటే తప్ప చేతిలో జంతిక పెట్టేది కాదు. బడిలో తమ్ముడు సుద్దముక్క అలా అందుకుంటే, మోచేతికి దెబ్బ తగిలిందా అని అడిగారట మాస్టారు.

తమ్ముడికి బెజవాడ గవర్నర్‌పేటలో చీరల కొట్టు. అత్తయ్య వసారాలో కూర్చుని ఆ చీరలకి ఫాల్ కుట్టేది. కుడుతూ బర్మా భాషలో ఏదో గొణుక్కునేది. అది పరలోక ప్రార్థన. రంగూన్‌లో వాళ్ళమ్మ నేర్పింది. ఆదివారం మధ్యాహ్నాలు కాకినాడలో ఉన్న వాళ్ళక్కతో ఫోన్లో ఆ భాషే మాట్లాడేది. అక్క పోయాక మాట్లాడటానికి మనిషి లేకుండా పోయింది.

ఆ తర్వాత నేనొకటి గమనించాను. సాయంకాలం ప్రార్థనలో అత్తయ్య సగంలో ఆగిపోయేది. కాసేపు వెతుక్కుని, మిగతాది తెలుగులో ముగించేది. ఒకరోజు అడిగాను.

“ఆ మధ్యలో మాట జారిపోయిందే పెద్దమ్మాయ్. దేవుడికి తెలుగూ వచ్చులే. కానీ మా అమ్మ గొంతు ఆ మాటల్లోనే ఉంది. అవి పోతే ఆవిడా పోతుంది.”

ఆ మాట మళ్ళీ దొరకాలని నా ప్రార్థనలో కూడా చేర్చుకున్నాను.

ఇదిలా ఉండగా మా మేడ మీద గది అద్దెకి అడుగుతూ ఒకమ్మాయి వచ్చింది. దగ్గర్లోని యూనివర్సిటీలో బౌద్ధం మీద పరిశోధన చేస్తోంది. పేరు సరణ్. తెలుగు కూడబలుక్కుని మాట్లాడేది. టీ ఇచ్చాను. ఆ అమ్మాయి కప్పు కుడిచేత్తో అందుకుని, ఎడమచేత్తో మోచేయి పట్టుకుంది.

అత్తయ్య చేతిలో సూది ఆగిపోయింది. చీర పక్కన పడేసి, లేచి, గబగబా బర్మా భాషలో మొదలుపెట్టింది. అంత జోరుగా ఆవిడ మాట్లాడగా వినడం నాకదే మొదలు. సరణ్ కప్పు పట్టుకుని అలాగే నిలబడింది.

“క్షమించండి అత్తయ్యగారూ. నాకు అర్థం కాలేదండీ. మాది మంగోలియా.”

“బర్మా కాదత్తయ్యా. చైనా కూడా దాటి, ఇంకా పైన,” అన్నాడు తమ్ముడు.

అత్తయ్య మళ్ళీ కూర్చుంది. ఆ రోజు ఇంక సూది ముట్టలేదు.

మర్నాడు సరణ్ సామానుతో దిగింది. అత్తయ్య ఆమెని ఆపి ఒక్కటే అడిగింది, మరి ఆ మోచేయి ఎందుకు పట్టుకున్నావని. మా అమ్మమ్మ నేర్పిందండీ, పెద్దవాళ్ళ దగ్గర అలాగే పుచ్చుకోవాలి అంది సరణ్. అత్తయ్య పక్కకి జరిగి చోటిచ్చింది.

“మర్యాద ఒకటే అయినప్పుడు మాటలూ కాస్త కలవాలే. మీ భాషలో నీళ్ళని ఏమంటారు?”

ఉస్ అంటారట. బర్మాలో యే. అన్నం మంగోలియాలో బుదా, బర్మాలో థమిన్. అమ్మ మంగోలియాలో ఏజ్, బర్మాలో అమే. ఏదీ కలవలేదు. ఓడిపోవడం అత్తయ్యకి ఇష్టముండదు. అమే మన అమ్మకి దగ్గరే కదా అని ఒక పాయింటు తన ఖాతాలో వేసుకుంది.

అప్పట్నుంచి ప్రతి సాయంత్రం అదే పని. చీర ఒక కొస సరణ్ పట్టుకునేది, రెండో కొసన అత్తయ్య కుట్టేది. బర్మా మాటలు పొట్టివి, చూరు నుంచి చినుకుల్లా ఒక్కొక్కటీ పడతాయి. గొంతు కాస్త పెంచినా దించినా అర్థం మారిపోతుంది. మంగోలియా మాటలకి అలాంటి పట్టింపు లేదు. మన తెలుగులాగే మాటకి తోకలు తగిలించుకుంటూ పోతాయి, కాకపోతే అన్నీ గొంతు లోపలి నుంచి వస్తాయి. మీ భాష పొద్దున్నే స్టార్టవుతున్న ఆర్టీసీ బస్సులా ఉందే అనేది అత్తయ్య.

గొంతు పెంచడం దించడం సరణ్‌కి ఎంతకీ పట్టుబడలేదు. కొట్టు నుంచి వచ్చిన తమ్ముడు చూసి, గుర్రానికి సంగీతం నేర్పుతున్నావా అత్తయ్యా అన్నాడు. మా దేశంలో గుర్రాలకి పాటలు పాడతామండీ, అవి వింటాయి కూడా అంది సరణ్. మావాడు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఒకరోజు మనుషుల్ని లెక్కపెట్టడం దగ్గర గొడవొచ్చింది. బర్మాలో మనిషి లెక్క వేరు, జంతువు లెక్క వేరు. మనమూ ఇద్దరు మనుషులు, రెండు గొర్రెలు అంటాం. మంగోలియాలో రెంటికీ ఒకటే మాటట. మనిషినీ గొర్రెనీ ఒకే గాట కడతారా అని అత్తయ్య నిలదీసింది. చలికాలంలో గొర్రెపిల్లలు కూడా మా డేరాలోనే పడుకుంటాయండీ, వేరే లెక్క ఎలా వేస్తాం అంది సరణ్. అత్తయ్య చాలాసేపు నవ్వింది.

గ్రహాల దగ్గర మాత్రం పండగే. మంగోలియాలో అంగారకుడు అంగారగ్, బృహస్పతి బర్హస్బద్, శుక్రుడు సుగర్. బర్మాలో ఆ గ్రహాల పేర్లే వారాలకి పెట్టుకున్నారు. మంగళవారం ఇంగా, గురువారం క్యాతబడే. అన్నీ మన పేర్లే, దారిలో కాస్త నలిగాయంతే.

ఇంకొకటీ కలిసింది. రెండు భాషల్లోనూ, మనకి మల్లేనే, పని చెప్పే మాట చివర్న వస్తుంది. దాని మీద అత్తయ్య తీర్పు ఇది: “వస్తానో రానో తెలియాలంటే ఆఖరిదాకా కూర్చుని వినాల్సిందే. ఇంగ్లీషువాడికి ముందే తెలిసిపోతుంది, లేచి వెళ్ళిపోతాడు.”

అలా వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం నేను పనసతొనలు వలుస్తున్నాను. అత్తయ్య ఒక తొన తీసి, మోచేయి పట్టుకుని సరణ్‌కి అందించింది. సరణ్ కూడా మోచేయి పట్టుకుని చెయ్యి చాచింది. ఇలా ఇచ్చేటప్పుడు బర్మాలో ఏమంటారండీ అని అడిగింది. అత్తయ్య ‘పే’ అంది. అంటే ఇవ్వడం. ఆ మాట అని, తొన వదలకుండా అలాగే ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. జారిపోయిన వాక్యం వచ్చేసింది. ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అన్న చోటు అది. అక్కణ్ణుంచి ఆమేన్ దాకా ఆగలేదు.

“ఇవ్వమని అడిగే మాట, చేతిలో ఉంచుకుని నోట్లో వెతికానే,” అంది నాతో. తొన మాత్రం సరణ్‌కి ఇచ్చింది.

మళ్ళీ పోతుందన్న భయంతో కాబోలు, ఆ ప్రార్థనంతా సరణ్‌కి నేర్పడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి మతం వేరు. అయినా అత్తయ్యగారి అమ్మ మాటలు కదండీ అని శ్రద్ధగా నేర్చుకుంది. అత్తయ్య దిద్దుతూనే ఉండేది.

పోయిన నెల సమాధుల తోటలో, పాస్టరుగారి ప్రార్థన అయ్యాక సరణ్ ముందుకొచ్చి, నేనొకటి చెప్పొచ్చాండీ అని అడిగింది. ఆయన తలూపారు. బర్మా ప్రార్థన మొదలైంది. మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. గొంతు మాత్రం అచ్చంగా బస్సే.

తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ నా చెవిలో, “అత్తయ్య ఉంటే ఈపాటికి నాలుగుసార్లు ఆపేది,” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆమేన్ అని, సరణ్ వంగి గుప్పెడు మట్టి తీసుకుంది. ఎడమచేత్తో కుడి మోచేయి పట్టుకుని, మెల్లగా వదిలింది. తర్వాత నేను. తర్వాత తమ్ముడు. మా వెనక వరసలో ఉన్నవాళ్ళలో కొందరికి ఇదేమిటో తెలియదు. మా ఇంటి పద్ధతి ఇదే కాబోలు అనుకున్నట్టున్నారు. చర్చివాళ్ళు, కొట్టులో పనివాళ్ళు, ఆ ఆదివారం వచ్చిన ఆటో అతను, చివరికి పాస్టరుగారు, అందరూ ఒకరి తర్వాత ఒకరు మోచేయి పట్టుకుని, అత్తయ్యకి మట్టి అందించారు.